ఉప్పునీటి ట్యాంకులో సెలినిటీ సరిగ్గా కొలవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఉప్పునీటి ట్యాంకు (సముద్రపు చేపలు, పగడాలు పెంచే అక్వేరియం) పెట్టినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ చల్లటి దేశాల వాళ్ళు, లేదంటే సముద్రం పక్కనుండే వాళ్ళు రాసినవే. మన ఎండకి, మన బోరు నీళ్ళకి అవి యథాతథంగా పనికిరావు. నన్ను అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. సెలినిటీ అంటే నీళ్ళలో లవణాలు ఎంత ఉన్నాయన్న కొలత.

అసలు ఎంత ఉండాలి?

పగడాలు ఉంటే 35 పీపీటీ. అంటే కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల లవణాలు. సముద్రం సగటున ఉండేది కూడా అంతే. స్పెసిఫిక్ గ్రావిటీలో (మంచినీళ్ళ కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) చెప్పాలంటే 25 డిగ్రీల దగ్గర 1.0264. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకైతే కాస్త తక్కువలో, 1.022 నుంచి 1.024 మధ్య నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాని వల్ల చేపలకు ఇబ్బందేమీ లేదు, ఉప్పు ఖర్చు కూడా తగ్గుతుంది. పగడాలు, రొయ్యలు, నత్తలు, స్టార్‌ఫిష్‌లు మాత్రం అలా సర్దుకుపోవు.

కొందరు 1.025 అంటారు, కొందరు 35 అంటారు. రెండూ ఒకటేనా?

కాదు, గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. 25 డిగ్రీల దగ్గర 1.025 అంటే సుమారు 33.2 పీపీటీ. 1.026 అంటే 34.5. 1.024 అంటే 31.9. అంటే మూడో దశాంశంలో ఒక్క అంకె మారితే 1.3 పీపీటీ మారినట్టు. హైడ్రోమీటర్ (స్పెసిఫిక్ గ్రావిటీ చూపే మీటరు) ముల్లు ఒక గీత అటూ ఇటూ ఊగితే "ఆ, ఎంతలే" అనుకుంటాం, ఆ ఒక్క గీత విలువ అది. నా సలహా: ఏదో ఒక కొలత పట్టుకుని దాంట్లోనే ఉండండి, నేనైతే పీపీటీలోనే మాట్లాడతాను.

ఇంకో సంగతి. స్పెసిఫిక్ గ్రావిటీ వేరు, డెన్సిటీ వేరు. 35 పీపీటీ నీళ్ళ స్పెసిఫిక్ గ్రావిటీ 25 డిగ్రీల దగ్గర 1.0264 అయితే, అదే వేడిలో డెన్సిటీ మిల్లీలీటరుకు 1.0233 గ్రాములు. మీ గాజు హైడ్రోమీటర్ మీద ఏది రాసుందో చూసుకోకుండా లెక్కపెడితే దాదాపు నాలుగు పీపీటీల తేడా వస్తుంది.

మా ఇంట్లో ఆర్వో మెషీన్ వాళ్ళిచ్చిన టీడీఎస్ పెన్ను ఉంది. దాంతో చూడొచ్చా?

కుదరదు. ఆ పెన్నులు ఎక్కువలో ఎక్కువ 9,990 పీపీఎం వరకే చూపిస్తాయి. సముద్రపు నీళ్ళు 35,000. ముంచితే ఎర్రర్ చూపిస్తుంది, లేకపోతే అర్థం లేని ఏదో అంకె. కానీ పారేయకండి, ట్యాంకులో పోసే మంచినీళ్ళు నిజంగా మంచివో కాదో తేల్చేది అదే.

ఏ మీటరు కొనాలి?

మూడు రకాలు ఉన్నాయి. హైడ్రోమీటర్ నీళ్ళ బరువుని, రిఫ్రాక్టోమీటర్ కాంతి ఎంత వంగుతోందో దాన్ని, కండక్టివిటీ పెన్ను కరెంటు ఎంత సులువుగా పోతోందో దాన్ని చూస్తాయి. మూడూ సెలినిటీని నేరుగా కొలవవు, వేరేదాన్ని కొలిచి సెలినిటీగా మార్చి చెప్తాయి. అందుకే మూడింటినీ సెలినిటీ ఎంతో ముందే తెలిసిన నీళ్ళతో సరిచూసుకోవడం తప్పనిసరి.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది మామూలు రిఫ్రాక్టోమీటర్. నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళు వాడేది అదే, 0 నుంచి 100 పీపీటీ వరకు స్కేలు ఉంటుంది, ఆక్వా సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ ఉండదు. సెలినిటీ కోసమే చేసిన కండక్టివిటీ పెన్నులు బాగుంటాయి, కానీ వాటి మొనను శుభ్రంగా ఉంచాలి, సరిచూసుకునే ద్రావణం (క్యాలిబ్రేషన్) ప్యాకెట్లు కొంటూ ఉండాలి. ఆ ఓపిక ఉంటేనే తీసుకోండి.

ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ దండగేనా?

దండగ కాదు, కానీ నమ్మకం పెట్టుకునే వస్తువు కూడా కాదు. ముల్లుకి ఒక్క గాలిబుడగ అంటుకున్నా పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. ఇరుసు దగ్గర ఉప్పు పేరుకుంటే ఇరుక్కుంటుంది. వాడే ముందు కాసేపు నీళ్ళలో నానబెట్టి, తట్టి బుడగలు పోగొట్టి, సమంగా ఉన్న బల్ల మీద పెట్టి చూడండి. నిన్నటికీ ఇవాల్టికీ మారిందా లేదా అన్నది చెప్తుంది. అసలు ఎంత అన్నది దాన్ని అడక్కండి.

రిఫ్రాక్టోమీటర్ వాడే పద్ధతి ఒకసారి వివరంగా చెప్తారా?

మూత ఎత్తి గాజు ముఖాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. టిష్యూ పేపరుతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి, గీతలు పడ్డాక దాని పని అయిపోయినట్టే. డ్రాపరుతో ట్యాంకు నీళ్ళు రెండు మూడు చుక్కలు వేసి మూత మెల్లగా వాల్చండి, గాజంతా తడవాలి, బుడగ మిగలకూడదు. అర నిమిషం ఆగండి. ఈ అర నిమిషం చాలామంది ఆగరు. నీళ్ళ చుక్క మీటరు వేడికి రావాలి, అప్పుడే అంకె నిలబడుతుంది. తర్వాత కిటికీ వైపు పెట్టి చూడండి. పైన నీలం, కింద తెలుపు, వాటి మధ్య గీత ఏ అంకె దగ్గరుందో అదే మీ సెలినిటీ. ట్యాంకు మీదుండే నీలం ఎల్‌ఈడీ కింద చూస్తే ఆ గీత చెదిరినట్టు కనిపిస్తుంది, పగటి వెలుతురులో చూడండి. గీత మసకగా ఉంటే చుక్కలు చాల్లేదనో, గాజు జిడ్డుగా ఉందనో అర్థం.

అయ్యాక ఆర్వో నీళ్ళతో కడిగి తుడిచి పెట్టండి. మొత్తం మీటరుని కుళాయి కింద పెట్టి కడగొద్దు, లోపలికి నీళ్ళు పోతే అంకెలు కనపడకుండా మంచు పట్టినట్టు అవుతుంది.

రిఫ్రాక్టోమీటర్‌లో మంచినీళ్ళు వేసి, దాని స్క్రూతో సున్నాకి తిప్పుకున్నాను. సరిపోతుందా?

సరిపోదు. పెట్టెలో వచ్చే కాగితం మీద అలాగే రాసి ఉంటుంది, అయినా సరిపోదు. సున్నా దగ్గర నిజం చెప్పే మీటరు 35 దగ్గర కూడా నిజం చెప్తుందని గ్యారంటీ లేదు. చౌకలో దొరికే వాటిలో చాలావరకు సముద్రపు నీళ్ళ కోసం చేసినవి కావు, వట్టి ఉప్పు ద్రావణం కోసం చేసినవి. అలాంటిదానికి 35 పీపీటీ సముద్రపు నీళ్ళు పోస్తే 36.5 చూపిస్తుంది. అది చూసి మీరు మంచినీళ్ళు కలిపి అంకెను 35కి దించితే ట్యాంకులో నిజంగా ఉండేది 33.6 దగ్గర.

కాబట్టి 35 పీపీటీ ద్రావణంతోనే సరిచేయాలి. మనం కొలిచేది 35 చుట్టుపక్కలే కదా, సరిచేసేది కూడా అక్కడే.

ఆ 35 ద్రావణం ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. 36.5 గ్రాముల ఉప్పు, 963.5 గ్రాముల ఆర్వో నీళ్ళు. రెండూ బరువు తూచండి, గ్లాసులతో, చెంచాలతో కొలవొద్దు. వట్టి ఉప్పు 36.5 ఎందుకు, 35 చాలదా అని అడుగుతారు. సముద్రంలో వట్టి ఉప్పే కాదు, మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం కూడా ఉంటాయి, అవి కాంతిని వంచే తీరు వేరు. 35 పీపీటీ సముద్రపు నీళ్ళు ఎంత వంచుతాయో అంతే వంచడానికి వట్టి ఉప్పు 36.5 కావాలి.

వంటింట్లో ఉండే పొడి ఉప్పు ప్యాకెట్ చాలు. అందులో ఉండే అయోడిన్ ఈ లెక్కను మార్చేంత కాదు. కాకపోతే తేమ ఉంటుంది, పెనం మీద కాసేపు వేయించి, పూర్తిగా చల్లారాక తూచండి. కళ్ళుప్పు వద్దు, అందులో తేమా ఉంటుంది, మెగ్నీషియం లాంటి వేరే లవణాలూ ఉంటాయి. సైంధవ లవణం కూడా వద్దు. ఈ ద్రావణం మీటరు కోసం మాత్రమే, ట్యాంకులో పోసేది కాదు అబ్బా, ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది.

నా దగ్గర గ్రాము వరకే చూపించే కిచెన్ త్రాసు ఉంది.

అర గ్రాము అటూ ఇటూ పోతే అర పీపీటీ తేడా. ఎక్కువ చేస్తే తేడా తగ్గుతుంది. ఐదు కిలోల ద్రావణం చేయండి: 182.5 గ్రాముల ఉప్పు, 4,817.5 గ్రాముల నీళ్ళు, నీళ్ళు విడతలుగా తూచుకోవచ్చు. ఇప్పుడు ఉప్పులో అర గ్రాము తప్పినా 0.1 పీపీటీకి మించదు. లేదంటే తెలిసిన నగల షాపు ఉంటే ఉప్పు పొట్లం అక్కడ తూపించుకోండి, నవ్వుతారు, అయినా తూచిస్తారు.

అదే ద్రావణం హైడ్రోమీటర్‌కి, పెన్నుకి పనికొస్తుందా?

రాదు. హైడ్రోమీటర్ కోసం కిలోలో 37.1 గ్రాముల ఉప్పు ఉండాలి, కండక్టివిటీ పెన్ను కోసం 32.9. ఒకదానికి చేసింది ఇంకోదానికి వాడి మీటరు తప్పని తేల్చేసేవాళ్ళు ఉన్నారు. సీసా మీద ఏది దేనికో రాసి అతికించండి.

ఎండాకాలం వస్తే నా మీటరు ఇష్టం వచ్చినట్టు చూపిస్తోంది. ఎందుకు?

మన ఊళ్ళ అసలు సమస్య ఇదే. రిఫ్రాక్టోమీటర్ మీద ఏటీసీ అని రాసుంటుంది, అంటే వేడి మారినా తనే సర్దుకుంటుందని. మామూలు మీటర్లలో ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల వరకే. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటినప్పుడు, మిద్దె కింద గదిలో ఏసీ లేకుండా మధ్యాహ్నం 30 ఎక్కడుంటుంది? రాత్రి పదికి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. 34, 35 డిగ్రీల దగ్గర ఆ మీటరు చెప్పే అంకెకు ఎవరూ పూచీ ఉండరు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ముఖ్యమైనది ట్యాంకు నీళ్ళ వేడి కాదు, మీటరు వేడి. రెండు చుక్కల నీళ్ళు గాజు మీద పడ్డ అర నిమిషంలో మీటరు వేడికే వచ్చేస్తాయి. కాబట్టి చిల్లర్ పెట్టి ట్యాంకుని 26 దగ్గర ఉంచినా, బీరువా మీద కాగుతున్న మీటరుతో చూస్తే లాభం లేదు.

చేయాల్సింది ఇది. పొద్దున్నే ఆరింటికి, గది ఇంకా చల్లగా ఉండగా కొలవండి. మీటరు, 35 ద్రావణం సీసా రెండూ ముందు రాత్రి నుంచి ఒకేచోట ఉంచండి. ముందు ద్రావణం చుక్క వేసి 35కి తిప్పుకుని, వెంటనే తుడిచి ట్యాంకు చుక్క వేయండి. అప్పుడు గది 33 డిగ్రీలున్నా పెద్దగా బాధ లేదు, వేడి వల్ల వచ్చే తప్పు రెండింటికీ ఒకేలా వస్తుంది కాబట్టి ఒకదానికొకటి చెల్లిపోతుంది. నా దృష్టిలో ఖరీదైన మీటరు కంటే ఈ పద్ధతి విలువైనది.

కండక్టివిటీ పెన్నుల్లో వేడి ప్రభావం ఇంకా ఎక్కువ, డిగ్రీకి సుమారు 2 శాతం. అవి తమ సెన్సరుతో సర్దుకుంటాయి, కానీ పెన్ను మొన నీళ్ళ వేడికి రావడానికి టైమివ్వాలి.

ఉప్పు వేయకుండానే సెలినిటీ రోజూ పెరుగుతోంది!

నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. అంతే. 200 లీటర్ల నీళ్ళలో రోజుకి 3 లీటర్లు పోతే, పొద్దున 35 ఉన్నది మర్నాటికి 35.5, రెండో రోజుకి 36 దాటుతుంది. మనది దేశంలోనే బాగా ఎండు ప్రాంతం, గాలిలో తేమ ఉండదు, దానికి తోడు ట్యాంకు చల్లబడాలని సంప్ (ట్యాంకు కిందుండే ఫిల్టర్ తొట్టి) మీద ఫ్యాన్ పెడతాం. ఫ్యాన్ చల్లబరిచేది నీళ్ళను ఆవిరి చేసే. చల్లదనం ఎంత ఎక్కువొస్తే సెలినిటీ అంత తొందరగా ఎక్కుతుంది. అదే గదిలో ఎయిర్ కూలర్ వేసుకుంటే గాలి తడిసి ఆవిరి తగ్గుతుంది, కానీ అప్పుడు ఫ్యాను చల్లబరచదు. రెండూ కలిసి పనిచేస్తాయని అనుకోవద్దు.

సంప్‌లో ఒక గీత గీసి పెట్టుకుని, నీళ్ళు దానికంటే దిగినప్పుడల్లా మంచినీళ్ళు పోయండి, ఉప్పునీళ్ళు కాదు. పెళ్ళికో తిరునాళ్ళకో ఊరెళ్ళే అలవాటుంటే ఆటో టాపాఫ్ (తగ్గినన్ని నీళ్ళు డ్రమ్ములోంచి తనే పోసే పరికరం) పెట్టుకోండి. కానీ దాని ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుంటే డ్రమ్ములో ఉన్నదంతా ట్యాంకులోకి పోతుంది, కాబట్టి డ్రమ్ము చిన్నదే పెట్టండి. ఇక్కడ ఇంకో చిక్కు: సెలినిటీ కొలిచే ముందు నీళ్ళు గీత దాకా ఉన్నాయో లేదో చూడండి. తగ్గిన నీళ్ళలో కొలిచి "పెరిగింది" అని టెన్షన్ పడేవాళ్ళే ఎక్కువ.

బోరు నీళ్ళు పోయొచ్చా?

వద్దు. మన బోరు నీళ్ళలో కాల్షియం, కార్బొనేట్లు ఎక్కువ, అనంతపురం జిల్లాలో చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా. రోజుకి మూడు లీటర్ల చొప్పున పోస్తుంటే అవన్నీ ట్యాంకులో పేరుకుంటాయి, ఆవిరై పోయేది వట్టి నీళ్ళే కదా. ఆర్వో నీళ్ళే పోయండి. వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాను అయితే ప్రతిసారీ టీడీఎస్ పెన్ను ముంచి చూడండి, రుచి కోసం మినరల్స్ కలిపిన నీళ్ళు, మెంబ్రేన్ పాతబడిన ప్లాంట్ల నీళ్ళు తగులుతుంటాయి.

సెలినిటీ 37 వచ్చింది. ఎలా దించాలి?

ముందు మీటరుని ద్రావణంతో సరిచూసుకోండి. నిజంగానే 37 అయితే, 200 లీటర్లకి లెక్క: 200ని 2తో హెచ్చించి 37తో భాగిస్తే 10.8. అంటే దాదాపు 11 లీటర్ల ట్యాంకు నీళ్ళు తీసేసి అంతే ఆర్వో నీళ్ళు పోయాలి. ఒకేసారి కాదు, రెండు రోజుల్లో. రోజుకి ఒక పీపీటీ మించి మార్చకపోవడం మంచిది.

ఆ 200 అన్నది నిజంగా మీ నీళ్ళేనా చూసుకోండి. మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ట్యాంకు లెక్కకి 190 లీటర్లు, రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే చాలా తగ్గుతుంది.

తగ్గితే? ట్యాంకులోనే ఉప్పు వేసేయొచ్చా?

వేయకండి. కరగని ఉప్పు గళ్ళు పగడం మీద పడితే అక్కడ కాలిపోతుంది. ఆవిరైన నీళ్ళ బదులు కొన్ని రోజులు 35 పీపీటీ ఉప్పునీళ్ళు పోయండి. 200 లీటర్లకి రోజుకి 3 లీటర్లు అలా పోస్తే రోజుకి అర పీపీటీ చొప్పున పెరుగుతుంది. 33 నుంచి 35కి నాలుగు రోజులు.

కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళు ఎప్పుడు కొలవాలి?

పూర్తిగా కరిగి, నీళ్ళు తేటగా అయ్యాక. బకెట్లో చిన్న పంపు వేసి రాత్రంతా తిప్పి పొద్దున చూడండి. అక్వేరియం కోసం అమ్మే ఉప్పు లీటరుకి 35 నుంచి 38 గ్రాముల వరకు పడుతుంది, బ్రాండుని బట్టి, ప్యాకెట్ ఎంత తేమ పీల్చిందన్నదాన్ని బట్టి మారుతుంది.

నెల్లూరు వెళ్ళినప్పుడు క్యాన్లలో సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే అది 35 ఉంటుంది కదా, దాంతో మీటరు సరిచేసుకోవచ్చా?

ఉండదు. సముద్రం సగటు 35, కానీ బంగాళాఖాతం సగటు కాదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ అన్నీ అందులోనే పడతాయి. కర్నూలు పక్కగా పోయే తుంగభద్ర కూడా కృష్ణలో కలిసి హంసలదీవి దగ్గర ఆ సముద్రానికే చేరుతుంది. వానలయ్యాక తీరం దగ్గర 30 లోపు కూడా ఉండొచ్చు. మీటరు సరిచేయడానికి అస్సలు పనికిరాదు. ట్యాంకులో వాడే ఉద్దేశం ఉంటే ముందు కొలవండి, తగ్గినంత ఉప్పు కలపండి, నది మూతి దగ్గర, రొయ్యల చెరువుల కాలువ కలిసే చోట మాత్రం పట్టుకోకండి.

బెంగళూరు నుంచి చేప తెచ్చాను. బ్యాగులో నీళ్ళు కొలవాలా?

తప్పకుండా. షాపుల్లో తరచుగా సెలినిటీ తక్కువలో నడుపుతారు, ఉప్పు ఆదా, పరాన్నజీవులు కూడా తగ్గుతాయి. బ్యాగులో 27, మీ ట్యాంకులో 35 ఉంటే చేపను నేరుగా వదలకూడదు, తగ్గితే తట్టుకున్నంతగా పెరిగితే తట్టుకోదు. అలాగని నాలుగైదు గంటలు ప్రయాణం చేసొచ్చిన బ్యాగు తెరిచి గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్ళు కలపడం కూడా తప్పే: తెరవగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా అణిగి ఉన్న అమ్మోనియా విషమవుతుంది. విడిగా ఒక చిన్న ట్యాంకు పెట్టి, దాన్నే బ్యాగు సెలినిటీకి కలిపి, చేపను అందులో వదిలి, కొన్ని రోజుల్లో మెల్లగా 35కి తేవడం నాకు నచ్చిన పద్ధతి. బయల్దేరే ముందే షాపులో సెలినిటీ ఎంతని అడగండి, చెప్పలేకపోతే మీ మీటరు పట్టుకెళ్ళండి.

మీటర్లేవీ నమ్మబుద్ధి కావట్లేదు. ఇంకో దారి ఉందా?

ఉంది, ఒక గాజు సీసా, 0.1 గ్రాము చూపించే త్రాసు. సన్నటి మూతి ఉన్న సీసా తూచండి. ఆర్వో నీళ్ళు అంచు దాకా నింపి, పైన తుడిచి తూచండి. ఖాళీ చేసి ట్యాంకు నీళ్ళతో అంతే నింపి తూచండి. రెండు నీళ్ళూ ఒకే వేడిలో ఉండాలి. సీసా బరువు తీసేశాక ఆర్వో నీళ్ళు 500 గ్రాములు, ట్యాంకు నీళ్ళు 513.2 గ్రాములు వచ్చాయనుకోండి, భాగిస్తే 1.0264. సరిగ్గా 35. గ్రాము వరకే చూపించే త్రాసుతో మాత్రం చేయకండి, ఒక్క గ్రాము తేడా 2.6 పీపీటీ అవుతుంది. ప్లాస్టిక్ సీసా కూడా వద్దు, పట్టుకుంటేనే నొక్కుకుపోతుంది. రోజూ చేసే పని కాదిది, రెండు మీటర్లు రెండు మాటలు చెప్తున్నప్పుడు తీర్పు చెప్పడానికి.

ఎన్నాళ్ళకోసారి కొలవాలి, ద్రావణం ఎన్నాళ్ళు ఉంటుంది?

వారానికి రెండుసార్లు, ఎండాకాలంలో రోజు విడిచి రోజు. నీళ్ళు మార్చినప్పుడు పాత నీళ్ళూ కొత్త నీళ్ళూ రెండూ. ద్రావణంలో వట్టి ఉప్పే కాబట్టి చెడిపోయేదేమీ లేదు, మూత సరిగ్గా బిగించకపోతే అందులోంచి కూడా నీళ్ళు ఆవిరై సెలినిటీ పెరుగుతుంది. చిన్న సీసాల్లో పోసి ఒకటి వాడకానికి, మిగతావి మూత మీద టేపు చుట్టి అల్మారాలో పెట్టండి. సీసా మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని కనిపిస్తే ఆ సీసా పారబోసి కొత్తది తెరవండి, దాంట్లో పోయిందేముంది, కాస్త ఉప్పే కదా.